తకయామా పాతపేట: వడ్రంగుల ఊరిని రెండు రాత్రులుండి చూడండి

తకయామాకు మొదటిసారి వెళ్లినప్పుడు నేను నాగోయాలో పొద్దున్నే రైలెక్కి పదకొండింటికి దిగాను. సాయంత్రం నాలుగున్నరకి తిరుగు రైలెక్కేశాను. ఆ ఐదున్నర గంటల్లో నాకు ఎక్కువగా కనిపించింది ముందు నడిచేవాళ్ల వీపులే. సన్నటి వీధులు, నల్లటి చెక్క ఇళ్లు, ప్రతి గుమ్మం దగ్గరా క్యూ. ఫొటోలు బాగానే వచ్చాయి కానీ ఊరు చూసిన తృప్తి మిగల్లేదు.

రెండోసారి రెండు రాత్రులు ఉన్నాను. సాయంత్రం ఐదు దాటాక అదే వీధిలో నా నడక చప్పుడు నాకే వినిపించింది. మర్నాడు పొద్దున ఆరున్నరకి ఒక పెద్దావిడ బకెట్టుతో నీళ్లు తెచ్చి గుమ్మం ముందు చల్లుతోంది, అచ్చం మా అమ్మమ్మ కళ్లాపి చల్లినట్టు. ఈ ఊరిని చూడాల్సిన వేళలు ఇవీ అని అప్పుడు అర్థమైంది. అందుకే ఇక్కడ నేను చెప్పే ప్రతి సలహా వెనకా రెండే మాటలుంటాయి: రాత్రి ఉండండి, చెక్కపని చూడండి.

చెక్కపని ఎందుకంటే, ఈ ఊరు పుట్టిందే దాని మీద. తకయామా జపాన్ నడిమధ్య, గిఫూ ప్రాంతం ఉత్తరాన, సముద్రమట్టానికి దాదాపు 570 మీటర్ల ఎత్తులో కొండల మధ్య ఉంది. ఈ సీమ పాత పేరు హిదా. పొలం తక్కువ, అడవి ఎక్కువ. దాదాపు 1300 ఏళ్ల కిందట, నారా రాజధానిగా ఉన్న కాలంలో, మిగతా సీమలు కట్టే కొన్ని పన్నులు హిదావాళ్లు కట్టక్కర్లేదు. బదులుగా ఊరికి 10 మంది చొప్పున వడ్రంగుల్ని రాజధానికి పంపాలి. గుళ్లు, రాజభవనాలు కట్టి వాళ్లు తిరిగొచ్చేవారు. వాళ్ల పేరే 'హిదా నో తకుమి', అంటే హిదా పనివాళ్లు. ఆ పనితనం తరతరాలుగా ఊళ్లోనే నిలిచింది. పాతపేటలో ఇళ్లు, ఉత్సవాల రథాలు, దుకాణాల్లో పళ్లేలు, బొమ్మలు అన్నీ ఆ ఒక్క వేరు నుంచి వచ్చిన కొమ్మలే. ఇది మనసులో పెట్టుకుని నడిస్తే ఊరు వేరేగా కనిపిస్తుంది.

ముందుగా తేదీలు తేల్చుకోండి

తకయామా పండగ ఏడాదికి రెండుసార్లు వస్తుంది. వసంతంలో ఏప్రిల్ 14, 15. శరదృతువులో అక్టోబర్ 9, 10. మన పండగల్లా తిథిని బట్టి మారవు. ఏ వారమైనా, సెలవైనా కాకపోయినా అవే తేదీలు. కాబట్టి ఏడాది ముందే ప్లాన్ చేసుకోవచ్చు. వసంతంలో హియె మందిరం ఉత్సవం, ఊరి దక్షిణ భాగానిది. శరత్తులో సకురయామా హచిమన్ మందిరం ఉత్సవం, ఉత్తర భాగానిది. వసంతంలో 12 రథాలు, శరత్తులో 11.

రెండింటిలో ఏది అని అడిగితే నేను అక్టోబర్ అంటాను. ఏప్రిల్‌లో ఎర్ర వంతెన మీద చెర్రీపూల మధ్యగా రథం దాటుతుంటే ఆ అందం వేరు. కానీ ఈ ఎత్తులో పూలు ఎప్పుడు విచ్చుకుంటాయో చెప్పలేం, పొద్దున చలి కూడా గట్టిగానే ఉంటుంది. అక్టోబర్‌లో నడవడానికి హాయిగా ఉంటుంది.

పండగ జనం వద్దనుకుంటే మే నెల చివరి వారాలు, నవంబర్ మొదటి సగం మంచివి. ఏప్రిల్ చివర నుంచి మే మొదటి వారం దాకా జపాన్‌లో వరస సెలవులు, ఆ వారం మాత్రం తప్పించండి. జనవరి, ఫిబ్రవరిలో చూర్ల మీద మంచు పేరుకుని ఊరు చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. చలి సున్నాకి చాలా కిందికి దిగుతుంది. జారని బూట్లు ఉంటేనే అప్పుడు రండి.

గది, రైలు

పండగ రోజుల కోసం అయితే గది దొరకడమే అసలు టెన్షన్. చాలా హోటళ్లు ఆరు నెలల ముందు బుకింగ్ తెరుస్తాయి, కొన్ని ఇంకా ముందే. తెరిచిన రోజే చూసుకోండి. దొరక్కపోతే పక్క ఊరు హిదా-ఫురుకవాలో వెతకండి, రైల్లో పావుగంట దూరం. లేదా గెరోలో ఉండండి, వేణ్నీళ్ల బుగ్గల ఊరు అది, రైల్లో ముప్పావు గంట. మామూలు రోజుల్లో నెలన్నర ముందు చూసుకుంటే చాలు.

స్టేషన్‌కీ పాతపేటకీ మధ్య నడక పది, పదిహేను నిమిషాలే. ఆ రెంటి మధ్య ఎక్కడున్నా బస్సు, టాక్సీ అవసరం పడదు. ఒక రాత్రయినా ర్యోకాన్‌లో, అంటే పాతకాలపు సత్రంలో ఉండమంటాను. ఖరీదెక్కువే. కానీ చాప గది, నేల మీద పరుపు, చెక్క తొట్టిలో వేడినీళ్ల స్నానం ఈ ఊరికి బాగా నప్పుతాయి. ర్యోకాన్‌లో భోజనం వేళ ఆరు, ఆరున్నర. ఆలస్యంగా చేరేట్టయితే ముందే చెప్పాలి. మీరు శాకాహారులైతే ఆ మాట బుకింగ్ రోజే రాయండి. దిగాక చెబితే వాళ్లు ఏమీ చేయలేక ఇబ్బంది పడతారు.

హైదరాబాద్ నుంచి జపాన్‌కు ఢిల్లీ, బెంగళూరు, లేదా సింగపూర్, బ్యాంకాక్ మీదుగా వస్తారు. టోక్యో నుంచి నాగోయాకు షింకన్‌సెన్‌లో, అంటే బుల్లెట్ రైల్లో దాదాపు గంటా నలభై నిమిషాలు. నాగోయాలో 'హిదా' అనే ఎక్స్‌ప్రెస్ రైలుకి మారాలి. అక్కణ్నుంచి సుమారు రెండున్నర గంటలు, రిజర్వు సీటుకి 6000 యెన్లకు కొంచెం అటూఇటూ. టోక్యో షింజుకు నుంచి నేరుగా బస్సు కూడా ఉంది. దాదాపు ఐదున్నర గంటలు, రైలు కన్నా చవక. పిల్లలుంటే రైలే మేలు.

ఒక చిన్న సంగతి. నాగోయాలో రైలెక్కగానే సీట్లన్నీ వెనక్కి తిరిగి ఉంటాయి. కొత్తవాళ్లు తప్పు రైలెక్కామేమో అని కంగారు పడతారు. తిప్పొద్దు, అలాగే కూర్చోండి. ఇరవై నిమిషాల్లో గిఫూ స్టేషన్ వస్తుంది, అక్కడ రైలు దిశ మార్చుకుంటుంది, మీ సీటు దానంతటదే ముందుకి తిరిగినట్టవుతుంది. అక్కడి నుంచి కొండ లోయల్లో హిదా నదిని పట్టుకుని పోతుంది. ఫోన్ పక్కన పెట్టి కిటికీలోంచి చూడండి. ఎత్తుకి వెళ్లేకొద్దీ పొలాలు చిన్నవై, రెండు పక్కలా సెదర్, సైప్రస్ చెట్ల అడవి దగ్గరికి వస్తుంది. వడ్రంగుల్ని పన్నుగా ఎందుకు పంపారో ఆ కిటికీలోంచే తెలుస్తుంది.

మొదటి సాయంత్రం: ఊరికే నడవండి

మధ్యాహ్నం మూడు, నాలుగింటికి చేరేలా చూసుకోండి. సామాను గదిలో పెట్టి ఐదింటికి బయటికి రండి. దుకాణాలు చాలావరకు ఐదింటికే మూస్తారు. అది మీకు మేలే.

మియగవా నది మీద నకబషి అనే ఎర్ర వంతెన దాటితే అవతలి ఒడ్డున సన్‌మచి. సన్ అంటే మూడు. ఒకదానికొకటి సమాంతరంగా సాగే మూడు వర్తక వీధులు ఇవి. 1500ల చివర్లో కనమోరి నగచిక అనే ప్రభువు కొండ మీద కోట కట్టి, దాని కింద వర్తకులకు ఈ వీధులు వేయించాడు. కోట ఇప్పుడు లేదు, వీధులున్నాయి. 1979లో జపాన్ ప్రభుత్వం వీటిని రక్షిత వీధులుగా ప్రకటించింది. కరెంటు తీగలు కూడా కనిపించవు.

ఎక్కువమంది తిరిగే వీధి కమి-సన్నొమచి. అక్కడ దుకాణాలు మూసేశాక ఇళ్ల ముఖాలు బయటపడతాయి. చూరు ఎంత కిందికి ఉందో చూడండి, పొడుగు మనిషి చెయ్యెత్తితే అందుతుంది. సన్నటి నిలువు పుల్లల జాలీ కిటికీలు. లోపలివాళ్లకు వీధి కనిపిస్తుంది, వీధిలోవాళ్లకు లోపల కనిపించదు. అరుగు అంచున రాతి కాలవలో నీళ్లు గలగలా పారుతుంటాయి. అది అందానికి తవ్వింది కాదు. ఇంత చెక్క ఉన్న ఊరికి నిప్పే మొదటి శత్రువు. 1875లో పెద్ద అగ్నిప్రమాదం, 1905లో ఇంకొకటి జరిగాయి. అక్కడక్కడ వీధి మొగలో, ఇంటి సందులో చిన్న గుడి కనిపిస్తుంది. అది అకిబ దేవుడిది, నిప్పు నుంచి కాపాడమని పెట్టుకున్న గుడి.

కొన్ని గుమ్మాల మీద సెదర్ ఆకులతో చేసిన పెద్ద బంతి వేలాడుతుంటుంది. దాని పేరు సుగిదమ, సాకే అనే బియ్యపు మద్యం కాచే ఇంటి గుర్తు. కొత్త సాకే దిగినప్పుడు పచ్చటి బంతి కడతారు. నెలలు గడిచేకొద్దీ అది గోధుమ రంగుకి తిరుగుతుంది. లోపల సాకే ఎంత పాకానికి వచ్చిందో వీధిలోవాళ్లకు చెప్పే బోర్డు అనుకోండి.

వీధి మధ్యలో అక్కడక్కడ మామూలు ఇళ్లతో పొంతన లేని ఒక కట్టడం ఎదురవుతుంది. సన్నగా, చాలా ఎత్తుగా, తెల్లటి గచ్చు గోడలు, ఒకే ఒక నిలువు తలుపు. ఇది రథశాల. ఏ వీధి రథం ఆ వీధి రథశాలలోనే ఉంటుంది. పండగకు తప్ప ఆ తలుపు తెరవరు. వెళ్తూ వెళ్తూ ఎన్ని రథశాలలు కనిపించాయో లెక్కపెట్టండి, పిల్లలకు భలే ఆట.

మర్నాడు పొద్దున: సంత

ఊళ్లో రోజూ రెండు పొద్దుటి సంతలు. ఒకటి మియగవా నది ఒడ్డున, రెండోది జిన్యా అనే పాత ప్రభుత్వ కచేరీ ముందు. వెచ్చటి నెలల్లో ఏడింటికి మొదలవుతాయి, చలికాలంలో ఎనిమిదింటికి. మధ్యాహ్నం పన్నెండుకి సర్దేస్తారు. మీరు ఏడుంబావుకల్లా ఉండండి. తొమ్మిదిన్నర దాటితే టూరు బస్సులు దిగుతాయి.

నది ఒడ్డు సంతలో ఒక పక్క గుడారాల కింద చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు, ఇంకో పక్క దుకాణాలు. ఆ సీజన్ కూరలు, పుట్టగొడుగులు, ఆపిళ్లు, పూలు, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్ద, ఊరగాయలు. అక్కడ ఒక పెద్దావిడ ఎర్ర దుంపల ఊరగాయ రుచి చూడమని పుల్లకి గుచ్చి ఇచ్చింది. ముల్లంగికి చుట్టంలాంటి దుంప అది, పేరు అకకబు. తొక్క రంగే దిగి ముక్కంతా గులాబీ రంగయింది. నూనె లేదు, కారం లేదు, ఆవపిండి లేదు. ఉప్పు, పులుపు, నమిలితే కరకరమనే చప్పుడు, అంతే. మన ఊరగాయ నాలుకకి ముందు వింతగా ఉంటుంది, మూడో ముక్కకి నచ్చేస్తుంది. నేను రెండు పొట్లాలు కొన్నాను. కాయితంలో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, రెండు చేతులతో అందించింది. నేనూ రెండు చేతులతో అందుకున్నాను. మీరూ అలాగే తీసుకోండి.

సంతలో కార్డు నడవదనే అనుకుని చిల్లర, 1000 యెన్ల నోట్లు దగ్గర పెట్టుకోండి. బేరం ఆడకండి, ఇక్కడ ఆ అలవాటు లేదు. ఫొటో తీసే ముందు కెమెరా చూపించి తల ఊపితే చాలు, ఊ అంటారో కాదంటారో తెలుస్తుంది. చెత్తబుట్టలు దొరకవు కాబట్టి ఒక ఖాళీ కవరు జేబులో ఉంచుకోండి.

జిన్యా: తొందరపడకుండా గంటన్నర

సంత నుంచి నేరుగా తకయామా జిన్యాకు వెళ్లండి, పొద్దున తెరవగానే. 1692లో షోగన్ అనే సైనిక పాలకుడి ప్రభుత్వం కనమోరి వంశాన్ని వేరే చోటికి పంపేసి, హిదాను నేరుగా తన చేతిలోకి తీసుకుంది. అడవుల కలప, గనుల కోసం. అప్పటి నుంచి 1868 దాకా, 176 ఏళ్లపాటు, ఎదొ (ఇప్పటి టోక్యో) నుంచి వచ్చిన అధికారులు ఇక్కడ కూర్చుని పాలించారు. ఇలాంటి కచేరీ భవనాలు దేశంలో ఎన్నో ఉండేవి, ఇప్పుడు నిలిచి ఉన్నది ఇదొక్కటే. 1969 దాకా ఇది ప్రభుత్వ ఆఫీసుగానే నడిచింది. అందుకే బతికింది.

బూట్లు విప్పి సంచిలో వేసుకుని లోపలికి వెళ్తారు. మంచి సాక్సులు వేసుకోండి, చలికాలంలో రెండు జతలు, నేల మంచులా ఉంటుంది. గదుల్లో నడుస్తూ స్తంభాల మీద చూపు పెట్టండి. దూలం, స్తంభం కలిసే చోట మేకు తలలు కనబడకుండా చిన్న కుందేలు ఆకారపు కప్పులు బిగించారు. ఎదురుగా మన వైపే చూస్తున్న కుందేలు, రెండు చెవులు నిటారుగా. అరచేతిలో సగం కూడా ఉండదు. ఒక మేకు తల కనబడితే పనికి మచ్చ అనుకున్నారు కాబట్టే ఆ కుందేళ్లు. నేను మొదటిసారి వాటి కిందుగానే నడిచిపోయాను. రెండోసారి ఒక్కో గదిలో వెతుక్కుంటూ తిరిగాను.

విచారణ గదిలో నేరస్థుల్ని కూర్చోబెట్టే చోటు, బియ్యం పన్ను దాచిన పెద్ద గిడ్డంగి కూడా ఇక్కడే ఉన్నాయి. గిడ్డంగి కప్పు పలకల మీద బరువు రాళ్లు పెట్టడం గమనించండి.

రెండు ఇళ్లు

ఇదే రోజు మధ్యాహ్నం, పాతపేట ఉత్తరపు కొసకి వెళ్లండి. పక్కపక్కనే రెండు వర్తకుల ఇళ్లు. కుసకబే ఇల్లు 1879 నాటిది, 1875 అగ్నిప్రమాదం తర్వాత కట్టింది. యొషిజిమా ఇల్లు 1907 నాటిది, అదీ అగ్నిప్రమాదం తర్వాతే. రెండూ జాతీయ సాంస్కృతిక సంపదగా గుర్తింపు పొందినవి. షోగన్ల కాలంలో వర్తకుడి ఇల్లు ఇంతకి మించి ఉండకూడదని కట్టుబాట్లు ఉండేవి. ఆ కట్టుబాట్లు పోయాక వడ్రంగులు తమ చేతిలో ఉన్నదంతా చూపించారు.

కుసకబే ఇంట్లో అడుగు పెట్టగానే మట్టి నేల, తలెత్తితే కప్పు దాకా అంతా ఖాళీ, దాన్ని మోస్తూ మొద్దుల్లాంటి దూలాలు. యొషిజిమా ఇంట్లో అదే పని సన్నగా, నాజూగ్గా ఉంటుంది. పై కిటికీలోంచి వెలుతురు దూలాల మీద పడి కిందికి జారుతుంటుంది. దూలాలకు ఆ మెరుపు రంగు వేస్తే వచ్చింది కాదు, తరాల తరబడి తుడవడం వల్ల వచ్చింది. ఒక ఇల్లే చూసే టైముంటే యొషిజిమా చూడండి. రెండిటికీ టైముంటే ముందు కుసకబే, ఆ తర్వాత ఇది. నేల మధ్య తవ్విన పొయ్యి పక్కన ఓ పది నిమిషాలు ఊరికే కూర్చోండి.

దుకాణాల్లో ఏం కొనాలి

నా దృష్టిలో ఇక్కడ కొనదగ్గవి మూడే.

మొదటిది షుంకెయ్ లక్క సామాను. 1600ల మొదట్లో ఒక వడ్రంగి చెక్క చీల్చినప్పుడు కనిపించిన నార అందానికి ముగ్ధుడై దాంతో పళ్లెం చేశాడని, ఆ నార కనబడేలా పల్చటి లక్క పూయించారని ఇక్కడివాళ్లు చెప్పే కథ. జపాన్ లక్క అనగానే గుర్తొచ్చే చిక్కటి నలుపు, ఎరుపు ఇక్కడ ఉండవు. తేనె రంగు పూత కింద చెక్క ఊపిరి తీస్తున్నట్టు కనిపిస్తుంది. మన ఏటికొప్పాక బొమ్మల లక్క పురుగుల నుంచి వస్తుంది, ఈ లక్క చెట్టు పాలు. రెండూ చేతిలోకి తీసుకుంటే తేడా తెలుస్తుంది. కొనేటప్పుడు పళ్లేన్ని దీపం వెలుతురుకి వంచి చూడండి. అసలుదైతే నార కదిలినట్టు మెరుస్తుంది, పట్టుకుంటే తేలికగా ఉంటుంది. అచ్చు వేసిన ప్లాస్టిక్ అయితే ఎటు వంచినా ఒకేలా ఉంటుంది. అసలు పళ్లెం ఖరీదెక్కువ. ఒక జత తినే పుల్లలో, చిన్న టీ పళ్లెమో అయినా అసలుదే కొనండి.

రెండోది ఇచీ చెక్క బొమ్మలు. ఇచీ అంటే యూ చెట్టు. కొండపల్లి బొమ్మకి ప్రాణం రంగుల్లో ఉంటే, దీనికి అసలు రంగే వేయరు. ఉలి గాట్లు అలాగే వదిలేస్తారు. చెట్టు లోపలి ఎర్ర భాగం, బయటి తెల్ల భాగం చూసుకుని, ఏది మొహం కావాలో ఏది వీపు కావాలో ముందే లెక్క వేసుకుని చెక్కుతారు. ఏళ్లు గడిచేకొద్దీ రంగు ముదురుతుంది. పనివాడు దుకాణంలోనే కూర్చుని చెక్కుతుంటే నిలబడి చూడొచ్చు, మాట్లాడించి పని చెడగొట్టకూడదు.

మూడోది సరుబొబొ. ఎర్ర గుడ్డ బొమ్మ, మొహంలో కళ్లూ ముక్కూ ఉండవు. పేరుకి అర్థం కోతిపిల్ల. పూర్వం అమ్మమ్మలు, నానమ్మలు మనవలకు కుట్టిచ్చేవారు, చెడు పోయి మంచి సంబంధం, సుఖ ప్రసవం కలగాలని. ఇప్పుడు పది రంగుల్లో అమ్ముతున్నారు. నేనైతే ఎర్రదే తీసుకుంటాను.

సాకే రుచి చూడాలనుకుంటే కాచే ఇళ్లలో చిన్న కప్పుల చొప్పున పోస్తారు. తాగనివాళ్లు అమజకే అడగండి, బియ్యాన్ని పులియబెట్టి చేసే తియ్యటి వేడి పానీయం. దాన్ని రెండు రకాలుగా చేస్తారు. 'కోజి'తో, అంటే బూజు పట్టించిన బియ్యంతో చేసిందైతే మత్తు ఉండదు, సాకే పిప్పితో చేసిందైతే కాస్త ఉంటుంది. అడిగి తీసుకోండి.

తిండి, ముఖ్యంగా శాకాహారులకు

ఈ ఊరి పేరు చెప్పగానే అందరూ హిదా గొడ్డుమాంసం అంటారు. వీధి పొడుగునా అదే అమ్ముతారు, బియ్యపు అప్పడం మీద పెట్టి ఇచ్చేది కూడా అదే. చూడ్డానికి ముచ్చటగా ఉందని అడక్కుండా కొనకండి.

శాకాహారులకు మొదటి నేస్తం మితరషి దంగో. బియ్యప్పిండి ఉండలు ఐదు పుల్లకి గుచ్చి, సోయా సాసు పూసి నిప్పుల మీద కాలుస్తారు. మిగతా జపాన్‌లో ఇది తియ్యగా ఉంటుంది, తకయామాలో ఉప్పగా, కాస్త మాడిన వాసనతో ఉంటుంది. చవక కూడా. ఇది నాకు ఈ ఊళ్లో అన్నిటికన్నా ఇష్టమైన తిండి. కొన్న దుకాణం ముందే నిలబడి తిని పుల్ల వాళ్లకే ఇచ్చేయండి, నడుస్తూ తినకండి. గొహెయ్ మోచి కూడా బాగుంటుంది, మెదిపిన అన్నం మీద అక్రోటు, మిసో ముద్ద పూసి కాల్చింది.

అసలు చిక్కు దాషీతో. కూర మాత్రమే ఉన్న సూపులో, నూడుల్స్ పులుసులో కూడా ఎండు చేపల రసం ఉంటుంది, దాన్నే దాషీ అంటారు. 'మాంసం లేదు' అంటే వాళ్ల లెక్కలో చేప ఉండొచ్చు. అందుకని 'నికు తొ సకనా వ తబెమసెన్' అని చెప్పండి, మాంసం, చేప తినం అని. వెంటనే 'దాషీ మొ' అని కలపండి. ఫోన్‌లో జపనీస్‌లో రాసి చూపిస్తే ఇంకా నయం. పూర్తి శాకాహార భోజనం కావాలంటే బౌద్ధ సన్యాసుల పద్ధతి షోజిన్ ర్యోరి ఉంది. పుట్టగొడుగులు, సముద్రపు నాచుతో రసం తీస్తారు. ముందే బుక్ చేసుకోవాలి, ఖరీదు బాగా ఎక్కువ. ఒక పూటకి పెట్టుకోదగ్గ ఖర్చే.

మాంసం ముట్టకపోయినా చేప రసంతో ఇబ్బంది లేనివాళ్లు హోబా మిసో తప్పక తినండి. మాగ్నోలియా జాతి చెట్టు ఎండుటాకు మీద మిసో, ఉల్లికాడలు, పుట్టగొడుగులు వేసి బల్ల మీదే చిన్న కుంపటిపై వేడి చేస్తారు. వేడన్నంలో కలుపుకుంటే రోటి పచ్చడి అన్నం గుర్తొస్తుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబాలు పులిహోర పేస్టు, కందిపొడి వెంట తెచ్చుకోండి. కన్వీనియన్స్ స్టోర్‌లో ఉడికించిన అన్నం ప్యాకెట్ కొంటే అక్కడే మైక్రోవేవ్‌లో వేడి చేసిస్తారు.

ఇంకో రోజు మిగిలితే

బస్సులో పది నిమిషాల దూరంలో హిదా నో సతొ ఉంది. చుట్టుపక్కల పల్లెల పాత గడ్డి కప్పుల ఇళ్లు తెచ్చి నిలబెట్టిన చోటు. షిరకవా-గో పల్లెకు బస్సులో యాభై నిమిషాలు, 1995 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఒకటే ఎంచుకోవాలంటే, జనం తక్కువ కాబట్టి హిదా నో సతొ. ఎక్కడికీ కదలబుద్ధి కాకపోతే ఊరి తూర్పు వైపు గుళ్ల బాట పట్టండి, హిగషియామా అంటారు. అక్కడ అడుగులో అడుగు వేసుకుంటూ నడవడమే.

పండగ రోజుల్లో అయితే

ముందు రోజే చేరండి. అంటే ఏప్రిల్ 13 లేదా అక్టోబర్ 8 సాయంత్రానికి. పొద్దున సంత అయ్యాక రథాలు నిలిపే చోటుకి వెళ్లండి. వసంతంలో ఎర్ర వంతెన, జిన్యా చుట్టుపక్కల. శరత్తులో హచిమన్ మందిరానికి వెళ్లే వీధిలో. తొమ్మిదింటికల్లా అక్కడుంటే రథాన్ని దగ్గరగా చూడొచ్చు. ఇవి 2016లో యునెస్కో జాబితాలో చేరిన జపాన్ రథోత్సవాల్లో ఉన్నాయి. వసంత రథాల్లో కిరిన్‌తయ్ అనేది ఉంటుంది. దాని కింది వరసలో ఈ ఊరి శిల్పి తనిగుచి యొరొకు చెక్కిన ఆడుకునే పిల్లలు ఉంటారు. ఒక చోట బోర్లించిన బుట్ట, దాని అల్లిక సందుల్లోంచి లోపలి కోడి కనిపిస్తుంది. బుట్టా కోడీ ఒకే చెక్కలో చెక్కినవి. వేలుపెట్టి ముట్టుకోవాలనిపిస్తుంది, ముట్టుకోకూడదు.

కీలుబొమ్మల ఆట రోజుకి రెండుసార్లు. వసంతంలో మూడు రథాల మీద, శరత్తులో ఒక్క హొతెయ్‌తయ్ మీద. గంట ముందు వెళ్తేనే ముందు వరస దొరుకుతుంది. హొతెయ్‌తయ్ మీద బొజ్జ హొతెయ్ దేవుడు కూర్చుని ఉంటాడు. పిల్లల బొమ్మలు రెండు, ఒకదాని తర్వాత ఒకటి, గాలిలో వేలాడే ఉయ్యాల కర్రల మీద ఊగుతూ, ఒకటి వదిలి ఇంకోటి పట్టుకుంటూ ముందుకొచ్చి ఆయన భుజమెక్కుతాయి. 36 తాళ్లు, వాటిని లాగేవాళ్లు లోపల, మనకి కనిపించరు. బొమ్మ ఒక కర్ర వదిలి ఇంకోదాన్ని పట్టుకునే ఆ ఒక్క క్షణం మైదానమంతా ఊపిరి బిగబట్టింది. మా ఊరి జాతరలో చిన్నప్పుడు కొయ్యబొమ్మలాట చూసినప్పటి గుండెదడ మళ్లీ వచ్చింది.

ఊరేగింపు ఎదురైతే 'కన్ కా కో కన్' అనే కంచు మోత ముందు వినబడుతుంది. దాని పేరే ఊళ్లో కన్‌కకొకన్. పక్కకి జరిగి నిలబడండి. రథం మలుపు తిరిగేది చూడాలంటే వీధి మూలలో ఉండండి. మన రథానికి చక్రాల కింద దుంగలు పెట్టి తిప్పుతాం కదా, వీళ్లు రథం అడుగు నుంచి ఒక చిన్న చక్రాన్ని దించి, దాని మీద బరువు మోపి మొత్తం రథాన్ని తిప్పేస్తారు.

వాన పడితే రథాలు బయటికి రావు. పాత లక్క, పట్టు, బంగారు రేకు తడవకూడదు. నేను ఒక ఏప్రిల్‌లో వెళ్తే రెండో రోజంతా చినుకులే. నిరాశ పడొద్దు. అలాంటప్పుడు రథశాలల తలుపులు తెరిచి లోపలున్న రథాన్ని చూపిస్తారు, వీధి వీధికీ తిరిగి చూడొచ్చు. హచిమన్ మందిరం పక్కన రథాల మ్యూజియంలో శరదుత్సవం రథాల్లో నాలుగు ఎప్పుడూ ఉంటాయి, ఏడాదికి మూడుసార్లు మారుస్తారు. పండగ తేదీలు కుదరనివాళ్లకూ అదే దారి.

రాత్రి ఉత్సవం మొదటి రోజే, ఏప్రిల్ 14 లేదా అక్టోబర్ 9. రెండో రోజు ఉండదు. ఇది తెలియక రెండో రోజు వచ్చి తిరిగి వెళ్లినవాళ్లు నాకు తెలుసు. చీకటి పడకముందే వేడివేడిగా ఏదైనా తినేసి, మెడ చుట్టూ శాలువా వేసుకుని వెళ్లండి, చీకటి పడగానే చలి దిగుతుంది. ఒక్కో రథానికి వంద దాకా కాయితం లాంతర్లు కడతారు. కరెంటు దీపాల హడావుడి లేదు, మైకు లేదు. రథాలు మెల్లగా ఊరు చుట్టి, చివరికి ఒకదాన్నొకటి వీడి తమ తమ వీధులకు మళ్లుతాయి. జనమంతా పెద్ద రథాల వెంట వెళ్తుంటే మీరు ముందురోజు సాయంత్రం చూసి పెట్టుకున్న రథశాల దగ్గర నిలబడండి. రథం ఇల్లు చేరుతుంది. లాంతర్లు ఒక్కొక్కటే విప్పి ఊదేస్తారు. ఆ ఎత్తయిన తలుపులోకి రథాన్ని నెడుతున్నప్పుడు రెండు వైపులా బెత్తెడు సందు కూడా ఉండదు. ముందు నిలబడ్డ పెద్దాయన చేత్తో సైగ చేస్తుంటాడు, ఇటు, ఇటు, ఇంకాస్త. లోపలికి వెళ్లాక తలుపు మూసి గడియ వేస్తారు. ఆ వీధివాళ్లు ఒకరికొకరు వంగి నమస్కారం చేసుకుని ఇళ్లకు వెళ్తారు. మీ హోటల్ తలుపు రాత్రి ఎన్నింటికి మూస్తారో మాత్రం బయల్దేరే ముందే అడిగి ఉంచుకోండి.